పాత చీరలతో పండుగ కుట్టుపని: తోరణం, లంగా, సంచులు, బొంత

బతుకమ్మకు, దసరాకు ఇల్లు కళగా కనిపించాలంటే కొత్త బట్ట కొననవసరం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ ఇంట్లో పెట్టె తెరిచినా కట్టడం మానేసిన నారాయణపేట చీర ఒకటి, అంచు చెక్కుచెదరకుండా ఒళ్లు మాత్రం పలచబడిన గద్వాల చీర ఒకటి, ఒడిబియ్యం పోసినప్పుడల్లా చేరుతూ వచ్చిన జాకెట్టు ముక్కల కట్ట ఒకటి తప్పక ఉంటాయి. దర్వాజకు తోరణం, ఆడపిల్లకు లంగా, సద్దులు పంచిపెట్టడానికి సంచులు, చలికాలానికి బొంత ఈ బట్టతోనే తయారవుతాయి. కొనవలసినవి మంచి దారం, సూదులు, నాడా మాత్రమే. అయితే ఫలానాది కుట్టాలని ముందే అనుకుని దానికోసం బట్టను వెతకకూడదు. ఉన్న బట్టను పరీక్షించి, అది దేనికి తట్టుకుంటుందో తెలుసుకుని, ఆ తరువాతే పనిని ఎంచుకోవాలి. ఇంట్లో కుట్టినవి ఒక్క ఉతుకుకే పాడైతే మన కుట్టునే తప్పుపట్టుకుంటాం కానీ, నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు బట్టను ఎంచుకోవడంలోనే జరిగింది.

వినాయక చవితి నుంచి పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య, దాకా సుమారు 26 రోజుల వ్యవధి ఉంటుంది. చవితి దాటగానే చీరలను బయటకు తీస్తే పెత్రమాస నాడు మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ నాటికి లంగా, తోరణం సిద్ధమవుతాయి. సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజున కాబట్టి సంచులకు మరికొంత గడువు దొరుకుతుంది. బొంతకు తొందర లేదు, అది సంక్రాంతి చలికి అందితే చాలు.

కత్తెర పట్టేముందు

చీరను దండెం మీద పరిచి, వెనక నుంచి వెలుతురు పడేలా నిలబడి మొత్తం చూడండి. కూర్చున్నప్పుడు ఒత్తిడి పడే భాగం, కుచ్చిళ్ల కింద నేలకు రాసుకునే అంచు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు ముందుగా పలచబడతాయి. నడుము దగ్గర లోపలికి దోపుకునే మొదటి గజం మాత్రం ఎండకు, రాపిడికి అంతగా గురికాదు కనుక సాధారణంగా గట్టిగా ఉంటుంది. అనుమానం ఉన్న చోట రెండు బొటనవేళ్లను దగ్గరగా పెట్టి నిలువుకు ఒకసారి, అడ్డానికి ఒకసారి లాగి చూడాలి. పోగులు పక్కకు జరిగినా, చిట్లిన చప్పుడు వచ్చినా ఆ భాగం బొంత లోపలి పొరకు తప్ప మరి దేనికీ పనికిరాదు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టుచీరలు ఆ మడత గీత వెంబడే చీలిపోతాయి, కనుక ముక్కలను మడత గీతలకు ఇటూ అటూ కత్తిరించుకోవాలి.

నూలో, పట్టో, పాలిస్టరో తెలియకపోతే చివరి నుంచి నాలుగు పోగులు లాగి, పటకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. అలా ముద్దకట్టిన బట్టను తోరణానికీ పిల్లల లంగాకూ వాడవద్దని నా మాట. ఎందుకంటే మన పండుగలన్నీ దీపాల పక్కనే జరుగుతాయి, దీపావళికి ఆ లంగానే వేసుకుని పిల్లలు టపాకాయల దగ్గరికి వెళతారు, కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుంటే గాయం లోతవుతుంది. నూలు కూడా అంటుకుంటుంది కనుక ఏ తోరణాన్నైనా దీపపు సెగ తగలనంత ఎత్తులో, దూరంగా కట్టాలి.

తరువాతది రంగు. చీర మూలను తడిపి, తెల్లని గుడ్డ మధ్యలో పెట్టి వేడి ఇస్త్రీతో ఒత్తండి. గుడ్డకు రంగు అంటితే ఆ బట్టను లేత రంగు ముక్కతో జత చేయకూడదు. పరీక్షలన్నీ అయ్యాక బట్టను ఒకసారి మామూలుగా ఉతికి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేసి, అప్పుడే కత్తిరించాలి. ఈ ఒక్క పనిని వదిలేయడం వల్ల నాకు మంచి గద్వాల చీర పాడైంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేస్తారు. ఎప్పుడూ డ్రైక్లీనింగుకే ఇచ్చిన చీర కావడంతో అందులోని నూలు అప్పటిదాకా నీటిలో ముడుచుకునే అవకాశమే రాలేదు. నేను అంచుతో సహా కత్తిరించి దిండు గలీబులు కుట్టాను, మొదటి ఉతుకులోనే ఒళ్లు ముడుచుకుపోయి అంచు అలలు అలలుగా లేచింది. అప్పటి నుంచి గద్వాల చీరకు అంచును, ఒంటిని విడదీసి వాడుతున్నాను: అంచు తోరణానికి, ఒళ్లు బొంతకు.

నారాయణపేట గళ్ల చీర ఇంట్లో కుట్టేవారికి గొప్ప వరం. గళ్ల గీతలే స్కేలుగా పనిచేస్తాయి, సుద్దతో గీత గీయకుండానే ముక్కలు నేరుగా వస్తాయి. పోచంపల్లి బట్టలో నేతకు ముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతారు కనుక రంగు రెండు వైపులా ఒకేలా పడుతుంది. లోపలి వైపు బయటకు కనిపించే సంచులకు దానికి మించినది లేదు. పుట్టపాక తేలియా రుమాలు అసలుది మీ ఇంట్లో ఉంటే మాత్రం దానిమీద కత్తెర పెట్టకండి. నూనెలో, క్షారంలో నానబెట్టిన నూలుతో నేసి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతను ముక్కలుగా చూడటం నాకు బాధగా ఉంటుంది; దాన్ని గోడకు అలాగే వేలాడదీయండి.

దర్వాజకు మామిడాకుల తోరణం

36 అంగుళాల దర్వాజకు 11 ఆకులు సరిపోతాయి. పాత పెండ్లి పత్రిక అట్ట మీద 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున్న మామిడాకు ఆకారం గీసి కత్తిరించుకోండి. పైభాగం నేరుగా, కింది కొన వాడిగా ఉండాలి. ఒక్కో ఆకుకు రెండు ముక్కల చొప్పున 22 ముక్కలు కావాలి. 45 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) ఉన్న చీరలో ఒక వరుసకు 15 ముక్కలు వస్తాయి కాబట్టి రెండు వరుసలకు 12 అంగుళాల పొడవు బట్ట చాలు. చీర నుంచి అర గజం కూడా ఖర్చు కాదు.

రెండు ముక్కల మంచివైపులు లోపలికి వచ్చేలా జోడించి, అంచు నుంచి పావు అంగుళం వదిలి కుట్టండి. పైభాగం తెరిచే ఉంచాలి. కొన దగ్గరికి వచ్చాక నేరుగా మలుపు తిప్పకుండా, అడ్డంగా ఒక్క కుట్టు వేసి తిరగాలి. ఇది చిన్న విషయమే కానీ, తిరగేసినప్పుడు కొన సూటిగా నిలిచేది దీనివల్లనే. తరువాత కొన దగ్గర మిగిలిన బట్టను కుట్టుకు ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) దూరంలో కత్తిరించి, వంపుల వద్ద చిన్న చిన్న గాట్లు పెట్టి, మొద్దుబారిన పెన్సిలుతో ఆకును తిరగేయండి. సూదితో కొనను బయటకు లాగితే పోగులు ఊడతాయి. తిరగేసిన ఆకులను పలచని గంజిలో ముంచి, సగం ఆరాక ఇస్త్రీ చేస్తే అవి వాలిపోకుండా నిజమైన ఆకుల్లా నిలుస్తాయి.

పై పట్టీకి 38 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు ముక్క తీసుకోండి. పొడవు అంచులను అర అంగుళం చొప్పున లోపలికి మడిచి, మధ్యకు మడిస్తే 3 అంగుళాల పట్టీ అవుతుంది. రెండు చివరలను కూడా లోపలికి మడిస్తే పొడవు 36 అంగుళాలకు వస్తుంది. గద్వాల అంచును దాని ముందువైపు వేసి కుట్టాలి. తిరగేశాక ఒక్కో ఆకు రెండున్నర అంగుళాలు ఉంటుంది, ఆకుకు ఆకుకు మధ్య అర అంగుళం వదిలితే 11 ఆకులకు 32న్నర అంగుళాలు పట్టి, రెండు చివరల పావు తక్కువ రెండు అంగుళాల చొప్పున మిగులుతుంది. ఆకుల పైభాగాన్ని పట్టీ రెండు పొరల మధ్యకు దూర్చి, కచ్చా కుట్టు వేసి, వరుస సరిగ్గా ఉందో లేదో గోడకు ఆనించి చూసుకున్నాకే మిషను కుట్టు వేయండి.

అద్దాలు కుట్టాలనుకుంటే దేవరకొండ వైపు తండాల్లో లంబాడా ఆడవారి పనిని ఒకసారి దగ్గరగా గమనించండి. అద్దాన్ని జిగురుతో అంటించరు. దాని మీదుగా నిలువుకు రెండు, అడ్డానికి రెండు దారాలు బిగువుగా వేసి చౌకం కడతారు, ఆ తరువాత సూదిని ఆ దారాల కింది నుంచి తీస్తూ, బట్టలో గుచ్చుతూ చుట్టూ కాజా కుట్టు లాంటిది వేస్తారు. మొదటి నాలుగు దారాలు వదులైతే అద్దం ఎప్పటికైనా రాలుతుంది. గాజు ముక్క అంచు పదునుగా ఉంటే దారాన్ని కోస్తుంది కనుక అంచు నున్నగా ఉన్న అద్దాలే కొనాలి.

పెరిగే పిల్లకు లంగా

ఆరేడేళ్ల పాపకు నడుము 22, పొడవు 24 అంగుళాలు అనుకుందాం. మీ పాప కొలతను బట్టి మార్చుకోండి. నాడాకు వదులుగా నడుమును 24గా తీసుకుని, దానికి మూడింతలు అంటే 72 అంగుళాలు, సరిగ్గా రెండు గజాలు, చుట్టుకొలతకు పెట్టాలి. పక్క కుట్టుకు మరో అంగుళం కలపాలి. చీర పొడవే లంగా చుట్టుకొలత అవుతుంది, చీర అంచు పాదాల దగ్గరికి వస్తుంది. అంచు నుంచి పైకి 28 అంగుళాలు కొలిచి కత్తిరించండి: పొడవుకు 24, కుట్లకు 1, మిగిలిన 3 అంగుళాలు పాప పెరుగుదలకు.

ఆ మూడు అంగుళాలను అంచుకు అయిదు అంగుళాల పైన, అంగుళంన్నర లోతు మడతగా లోపలి వైపు వేసి, పొడవాటి కుట్లతో కుట్టాలి. వచ్చే ఏడు ఆ దారం లాగేస్తే లంగా మూడు అంగుళాలు పెరుగుతుంది. పొట్టి కుట్లు వేస్తే విప్పేటప్పుడు బట్ట చిరుగుతుంది, అదీకాక సూది రంధ్రాల వరుస శాశ్వతంగా కనిపిస్తుంది.

కుచ్చులు ఒక్కొక్కటి అంగుళం కనిపిస్తూ, రెండు అంగుళాలు లోపలికి పోవాలి; అలా 24 కుచ్చులతో నడుము సరిపోతుంది. గళ్ల చీరైతే గళ్లు లెక్కపెట్టుకుంటూ మడవవచ్చు. పక్క కుట్టులో పై 5 అంగుళాలు తెరిచి ఉంచి, 25 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ముక్కతో 2 అంగుళాల నడుము పట్టీ కుట్టి, అందులో నాడా ఎక్కించండి. మిషనుకు నూలు బట్టైతే 14 నంబరు సూది, పలచని పట్టైతే 11 నంబరు సూది పెట్టాలి. పట్టు లంగాకు లోపల మెత్తని నూలు లైనింగు వేయకపోతే జరీ గుచ్చుకుని పాప గంటలోనే విప్పేస్తుంది. జాకెట్టు సంగతి వేరు. దాని కత్తిరింపు రానివారు పాప కిందటేటి జాకెట్టును దర్జీకి కొలతగా ఇచ్చి, మిగిలిన అంచుతో చేతులకు పట్టీలు వేయించుకోవడం మేలు.

సద్దుల సంచులు

జాకెట్టు ముక్కలు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి తిరుగుతూనే ఉంటాయి, వాటిని సంచులుగా మారిస్తే కొందరైనా వాడుకుంటారు. 80 సెంటీమీటర్ల ముక్క అంటే సుమారు 31 అంగుళాలు, పన్నా 36 అంగుళాలు ఉంటే 9 అంగుళాల వెడల్పు, 25 అంగుళాల పొడవుతో నాలుగు ముక్కలు వస్తాయి. మిగిలిన 6 అంగుళాల పట్టీ తాళ్లకు సరిపోతుంది. ఒక్కో ముక్కను సగానికి మడిచి పక్కలు కుట్టి, పైన రెండు అంగుళాలు లోపలికి మడిచి తాడుకు దారి ఉంచాలి. నువ్వుల ముద్దలు, మలీద ముద్దలు నేరుగా సంచిలో వేస్తే నెయ్యి మరక పోదు, ముందు మోదుగాకులో చుట్టి పెట్టండి.

బొంత

పలచబడిన నూలు చీరలన్నీ ఇక్కడికి చేరతాయి. మూడు చీరలను ఒక్కొక్కటిగా సగానికి మడిచి ఒకదానిపై ఒకటి పరిస్తే ఆరు పొరలు అవుతాయి. పలచని ముక్కలను లోపలికి, గట్టి చీరను పైకీ కిందికీ వచ్చేలా పెట్టుకోవాలి. మూలల మీద ఇటుకలు పెట్టి, ముడతలు లేకుండా చేత్తో సవరించి, జానెడు దూరానికొకటిగా కచ్చా కుట్లు వేయండి. అసలు కుట్టును ఎప్పుడూ మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు పోవాలి. అంచుల నుంచి లోపలికి వస్తే పొరల్లోని వదులంతా మధ్యలో చేరి ముద్దగా మిగిలిపోతుంది. లావు నూలు దారంతో, వరుసకు వరుసకు అంగుళంన్నర దూరంలో కుట్టుకుంటూ పోవాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే సగం కాలంలో పూర్తవుతుంది, మా ఇంట్లో దసరా దాటాక మధ్యాహ్నాలన్నీ దీనికే పోతాయి.

పండుగ అయిపోయాక తోరణాన్ని దించి నేరుగా పెట్టెలో పెట్టవద్దు. గంజి వాసనకు వెండిపురుగులు, బొద్దింకలు చేరి బట్టను కొరుకుతాయి. అద్దాలు, జరీ ఉన్నా సరే, చల్లని నీటిలో నలపకుండా జాడించి గంజి మొత్తం పోగొట్టి, నీడలో ఆరబెట్టి, మడవకుండా అట్టముక్కకు చుట్టి, ఎండిన వేపాకులతో పాటు భద్రపరచండి. మళ్లీ పెత్రమాసకు ముందు తీసి గంజి పెట్టుకుంటే ఆకులు మొదటి ఏడు లాగే నిలుస్తాయి.