తుపాన్లు రాకముందే పాత కారు క్రూజ్ ఒకసారి చూసుకోండి

మన ఉత్తరాంధ్రకి అక్టోబరు రెండో వారం అచ్చిరాదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర పడి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. గులాబ్ కాస్త తొందరపడి 2021 సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గరికొచ్చేసింది. దసరా సెలవులు, పైడితల్లమ్మ సిరిమాను కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఊళ్లకొచ్చేవాళ్లు, విజయనగరం జాతరకి పోయేవాళ్లు, అందరికీ ఆ పదహారో నంబరు హైవేయే దిక్కు.

అందుకే వానలు ముదరకముందే వైపర్లు, టైర్లతోపాటు క్రూజ్ కంట్రోల్ కూడా చూపించుకోమంటాను. అదే, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసినా సెట్ చేసిన వేగంతోనే కారుని నడిపించేది. వానలో వాడుకోడానికి కాదు. వానలో దాని జోలికే పోకూడదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఇప్పుడెందుకంటే, పాత కారులో క్రూజ్ పనిచెయ్యడం మానేసిందంటే చాలాసార్లు చెడిపోయింది క్రూజ్ కాదు, ఇంకేదో.

నాది 2012 మోడలు డీజిలు బండి. వారం వారం శ్రీకాకుళం నుంచి సోంపేట పోయిరావాలి. కిందటేడు ఆగస్టులో క్రూజ్ పట్టడం మానేసింది. బటన్ నొక్కితే మీటర్లో దీపం వెలుగుతుంది, సెట్ నొక్కితే మాత్రం వేగం నిలవదు. పాత బండి కదా, పోతే పోయింది, కాలితో తొక్కుకుంటాంలే అని రెండు వారాలు అలాగే తిరిగాను. ఒకరోజు తిరుగుప్రయాణంలో మడపాం టోల్‌గేటు దగ్గర వెనక లారీ డ్రైవరు దిగొచ్చి అద్దం మీద కొట్టాడు. "ఏటి బాబూ, మీ బ్రేకు లైట్లు ఆరవా? టెక్కలి కాడ్నుంచి సూస్తన్నాను, ఎలుగుతానే ఉన్నాయి. మీరు నిజంగా బ్రేకేస్తే మాకెలా తెలుస్తాది?"

మర్నాడు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే బానెట్ ఎత్తనే లేదు. డ్రైవరు కాళ్లదగ్గర మ్యాటు తీసి బయట దులిపాడు. శనగబద్దంత నీలం ప్లాస్టిక్కు పెళ్లలు నాలుగు రాలాయి. వాటిని నేనూ చూశాను, మా చిన్నోడి బొమ్మ ముక్కలనుకున్నాను. బ్రేకు పెడల్ కడ్డీకి ఒక కన్నం, అందులో ఒక ప్లాస్టిక్కు బొడిపె ఉంటుంది. కాలు తీసేసినప్పుడు పెడల్ పైకి లేచి ఆ బొడిపె స్విచ్చు ముక్కుని నొక్కాలి. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కి రాలిపోతుంది. అప్పుడు స్విచ్చు ముక్కు ఆ కన్నంలోంచి అవతలికి పొడుచుకొస్తుంది. ఇంక బండి లెక్కలో నా కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉన్నట్టు. లైట్లు ఆరవు, క్రూజ్ పట్టదు, రాత్రంతా అలాగే వెలిగి పొద్దున్నకి బ్యాటరీ చచ్చిపోతుంది. నాకు బ్యాటరీ రెండుసార్లు దిగిపోయింది కూడా, పాతబడిందనుకుని కొత్తది వేయించాను. ఆ బొడిపె ఖరీదెంతంటే, రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదు.

క్రూజ్ పట్టాలంటే బ్రేకు స్విచ్చు, క్లచ్చు స్విచ్చు, వేగం చెప్పే సెన్సరు, స్టీరింగు మీటలు అన్నీ సరేననాలి. ఏ ఒక్కదాని మీద అనుమానం వచ్చినా క్రూజ్ పక్కకి తప్పుకుంటుంది. కాబట్టి ముందు బ్రేకు లైట్లు చూడండి. సాయంత్రం చీకటి పడ్డాక కారుని గోడకి వెనక్కి నిలబెట్టి పెడల్ తొక్కితే గోడ ఎర్రబడాలి, వదిలితే ఆరిపోవాలి. ఇంత సులువు పని ఎవరూ చెయ్యరు. ఇంకోటి, చాలా కార్లలో ఆ స్విచ్చులో రెండు కాంటాక్టులు ఉంటాయి, ఒకటి లైట్లకి, ఒకటి కంప్యూటరుకి. రెండూ ఒక్కమాట చెప్పకపోతే లైట్లు బాగానే వెలిగినా క్రూజ్ పట్టదు. కారు కంప్యూటరులోని తప్పుల్ని చదివే స్కానరు పెడితే పి 0571 అనే కోడ్ చూపించేది ఇదే. కొన్ని పాత మోడళ్లలో వెనక బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు వేయించాక కూడా క్రూజ్ ఆగిపోతుంది. బల్బు ఫిలమెంటు ద్వారా వచ్చే ఎర్తుని చూసుకునే రకం అది. బల్బులు మార్చిన దగ్గర్నుంచే తేడా వచ్చిందా అని గుర్తు చేసుకోండి.

క్రూజ్ పట్టకపోవడంతోపాటు ఏబీఎస్ (బ్రేకేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) దీపం కూడా వెలిగితే చక్రం దగ్గర సెన్సరు మీదికి అనుమానం పోవాలి. గెడ్డ (వాగు) దాటినప్పుడు పట్టిన బురద, లేదా ఎలకలు. పొలాల్లో నీళ్లు నిలిచాక ఎలకలు షెడ్లలోకి చేరతాయి, వైర్లు కొరికేస్తాయి. బారువ, కళింగపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉండే బళ్లకయితే ఫ్యూజు బాక్సులో, కనెక్టర్లలో పచ్చటి చిలుము. అది ఉప్పుగాలి చేసే పని, మూత తీస్తే కంటికే కనిపిస్తుంది.

స్టీరింగు తిప్పినప్పుడు మీటలు పనిచెయ్యకపోవడం, హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగకపోవడం, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగడం, ఈ మూడూ కలిసొస్తే స్టీరింగు లోపల చుట్టగా ఉండే వైరు పట్టీ, క్లాక్ స్ప్రింగు అంటారు, అది తెగుతున్నట్టు లెక్క. అక్కడ మీరు చెయ్యి పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ అక్కడే ఉంటుంది, బ్యాటరీ తీసి కాసేపు ఆగాక తెలిసినవాడే ముట్టుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది పట్టని క్రూజ్ సంగతి. భయపడాల్సింది వదలని క్రూజ్‌కి. పొడిగా ఉన్న రోజు, తెల్లారగట్ల, ముందూ వెనకా బండి లేనప్పుడు అరవైలో సెట్ చేసి బ్రేకు మీద కాలు ఆనించండి, వెంటనే వదిలెయ్యాలి. మళ్లీ సెట్ చేసి ఈసారి క్లచ్చు, మూడోసారి క్యాన్సిల్ మీట. మూడింటికి మూడూ వదిలించాలి. ఒక్కటి తప్పినా బాగుచేయించేదాకా దాన్ని ముట్టుకోవద్దు. కేబుల్‌తో నడిచే పాత రకమైతే యాక్సిలరేటరు తొక్కి వదిలి చూడండి, టపీమని వెనక్కి రావాలి. మ్యాటు మీద మ్యాటు వేసే అలవాటుంటే మానెయ్యండి, పెడల్ దాని కింద ఇరుక్కుంటుంది.

ఒకవేళ దార్లో వదలకపోతే బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోండి. ఊరికే తొక్కి వదిలి తొక్కి వదిలి చేస్తే బ్రేకు బరువెక్కిపోతుంది. అదే సమయానికి క్లచ్చు తొక్కి గేరు న్యూట్రల్‌కి తెచ్చెయ్యండి. ఇంజను గుయ్యిమంటుంది, అననివ్వండి. పక్కకి ఆపాకే ఇంజను ఆపాలి. పరుగులో ఉండగా తాళంచెవి పూర్తిగా తిప్పి లాగితే స్టీరింగు బిగుసుకుంటుంది.

ఇక వాన. క్రూజ్‌ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కి ఐదో ఏట నుంచీ చూపు లేదు. పక్కసీట్లో కూర్చున్నప్పుడు డ్రైవరు కారుని ముందుకీ వెనక్కీ ఊపేస్తుంటే విసుగొచ్చి పూనుకున్నాడని చెప్తారు, 1958 క్రైస్లర్ కార్లలో అది జనానికి అందింది. వేగం తగ్గకుండా చూడటం, అంతే దాని పని. నిలిచిన నీళ్లలో చక్రం పడి బండి కాస్త నెమ్మదిస్తే పాత క్రూజ్ ఇంకా ఇంధనం పోస్తుంది. అప్పుడు చక్రం నీటి మీద జారుతుంది, మీ కాలేమో పెడల్‌కి దూరంగా ఉంటుంది. ముసురు పట్టిందంటే సెట్టే కాదు, మెయిన్ బటనే ఆపేసి పెట్టుకోండి. కార్తీకంలో వానలు తగ్గాక కూడా రాత్రిపూట నేను వాడను. కోతలయ్యాక రోడ్డు వారన ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, ఎదురుగా దీపాల్లేని ఆటో ఒకటి వస్తుంటుంది.

ఆ బొడిపె దార్లో విరిగితే కంగారుపడక్కర్లేదు. కన్నానికి సరిపడే చిన్న బోల్టు ఒకటి పెట్టి నట్టు బిగిస్తే లైట్లు ఆరతాయి, ఇంటికి చేరొచ్చు. ఏ పంక్చర్ షాపులోనయినా దొరుకుతుంది. అసలు ముక్క వేయించేదాకా మాత్రం క్రూజ్ వద్దు. నేను ఇంకోటి కొని డాష్‌బోర్డు అరలో పడేసి ఉంచాను.