తక్కువ ఖర్చులో పాత మస్టాంగ్‌ని కిందికి దించడం

డాలస్‌లో మా ఇంటి గ్యారేజీలోనే నా 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారుని రెండు శనివారాల్లో దించాను, అంటే నేలకు దాని ఎత్తు తగ్గించాను. కొత్త స్ప్రింగులు కొనలేదు. డ్రిల్లు, అంగుళం మందం బ్లాకులు, పొడవాటి యూ-బోల్టులు చాలు.

ముందువైపు చక్రాన్ని కారు బాడీకి కలిపే చేతుల్లాంటి కంట్రోల్ ఆర్మ్‌లు పైనొకటి, కిందొకటి ఉంటాయి; కాయిల్ స్ప్రింగ్ పైదాని మీద కూర్చుంటుంది. నొక్కి ఉన్న ఆ స్ప్రింగ్ జారితే ప్రాణాలే పోవచ్చు. అందుకే లోపలినుంచి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ అద్దెకు తెచ్చుకోండి. కారుని ఎత్తి నిలబెట్టే జాక్ స్టాండ్లు పెట్టకుండా చెయ్యి వేయకండి.

పై ఆర్మ్ ఊడదీశాక, కారు బాడీలో దాన్ని బిగించే రెండు బోల్టు రంధ్రాలకు అంగుళం కింద కొత్తవి వేయాలి. మస్టాంగ్‌నే రేసులకు తగ్గట్టు మార్చిన 1965 షెల్బీ జీటీ350కి చేసింది ఇదే. చిన్న బిట్‌తో మొదలుపెట్టి 17/32 అంగుళాల దాకా పెంచండి. కొలతలకే నాకు ఒక పూట పట్టింది. రంధ్రం తప్పితే వెల్డర్‌ని పిలవాల్సిందే కదా! కారు దిగేది అర అంగుళం పైచిలుకే, కానీ మలుపుల్లో టైరు రోడ్డును పట్టే తీరు మారిపోతుంది. నాకు ఎత్తుకన్నా అదే ముఖ్యం.

ఇంకా దించాలంటే స్ప్రింగ్‌ని అర చుట్టు మాత్రమే కోయండి. అది ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి చక్రం దగ్గర తేడా దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. గ్యాస్ మంట వద్దు, ఆ వేడికి ఉక్కు బలం పోతుంది. లోహాన్ని కోసే కటాఫ్ వీల్ వాడండి.

వెనకవైపు సులువు. అక్కడున్నవి మన లారీల కమాన్ కట్టల్లాంటి లీఫ్ స్ప్రింగులు. వాటికీ యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసుకీ) మధ్య బ్లాకు పెట్టి, ఆ కట్టను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల బ్లాకు గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి, యూ-బోల్టులు బిగించండి. వంద మైళ్లు తిరిగాక మళ్ళీ బిగించాలి. వీల్ అలైన్‌మెంట్ చేయించాకే హైవే ఎక్కండి.