నాన్న ఇచ్చిన స్థలం అమ్మితే పన్ను: నా అనుభవం

నాన్న గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన స్థలాన్ని బ్యాంకు అప్పు తీర్చడానికి అమ్మాను. నాకు ఊరికే వచ్చింది కదా అని ఆదాయపు పన్ను రిటర్న్‌లో కొన్న ధర సున్నా పెట్టాను. దాంతో అమ్మిన సొమ్మంతా లాభం కిందే లెక్కకొచ్చింది. పన్ను లెక్క చూసి గుండె గుభేల్మంది. రెండు రాత్రులు ఒకటే టెన్షన్.

తర్వాత తెలిసింది, గిఫ్ట్‌గా వచ్చిన ఆస్తికి ఇచ్చినవాళ్లు కొన్న ధరే మన ధర అని. నాన్న 2001కి ముందే, 1994లో కొన్నారు కాబట్టి ఆ ధర బదులు 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు. కాకపోతే అది అప్పటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ విలువకు సర్టిఫికెట్ తీసుకుని, రివైజ్డ్ రిటర్న్ (తప్పు సరిదిద్దిన రిటర్న్) వేశాను. పన్ను బాగా తగ్గింది.

అప్పుకు కట్టిన సొమ్మును మాత్రం లాభంలోంచి తీసేయడానికి లేదు. చేతిలో రూపాయి మిగలకపోయినా పన్ను కట్టాల్సిందే. ఆ సంగతి అమ్మే ముందే తెలిసుంటే కొంత పక్కన పెట్టుకునేవాణ్ని.