యాడ్లు లేకుండా వార్తలు – 3వ పాఠం: ఎవరి యాడ్లు ఆపాలి, ఎవరికి చందా కట్టాలి

కిందటి పాఠంలో, ఎన్నో సైట్ల కొత్త వార్తలను ఒకేచోట చూపించే ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ పెట్టుకుని, రోజూ చూసే వార్తా సైట్ల ఫీడ్లు (ఆ సైట్లు పంపే కొత్త వార్తల జాబితాలు) అందులో చేర్చుకున్నాం. ఈపాటికి మీరు గమనించే ఉంటారు, చాలా ఫీడ్లలో మొదటి పేరా మాత్రమే వస్తుంది. మిగతాది చదవాలంటే సైట్‌కి వెళ్లాలి. వెళ్లగానే యాడ్లు మొదలు. ఈ పాఠం పని అక్కడే.

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. బ్రౌజర్‌లోని రీడర్ మోడ్ యాడ్లను ఆపదు, దాచిపెడుతుంది. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు ఏదైనా వార్త తెరిచి ఎఫ్9 నొక్కి చూడండి. పేజీలో వార్త మాత్రమే మిగులుతుంది. కానీ అప్పటికే యాడ్లు దిగిపోయాయి, మీరు వచ్చిన సంగతి ట్రాకర్లు, అంటే మీ కదలికల్ని గమనించే కోడ్లు, రాసుకున్నాయి. కంటికి హాయిగా ఉంటుంది తప్ప డేటా ఖర్చు తగ్గదు.

నిజంగా ఆపాలంటే, యాడ్లను అసలు దిగనీయని బ్లాకర్ బ్రౌజర్‌లో ఉండాలి. నేను చెప్పేది యూబ్లాక్ ఆరిజిన్ గురించి. 2014లో రేమండ్ హిల్ మొదలుపెట్టారు. ఉచితం, సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఆయన విరాళాలు కూడా తీసుకోరు. ఇన్‌స్టాల్ చేసేముందు పేరులో 'ఆరిజిన్' ఉందో లేదో చూసుకోండి. ఉత్త 'యూబ్లాక్' అని ఉంటే అది వేరేవాళ్లది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి వెర్షన్ పనిచేస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ నియమాలు మార్చేసింది కాబట్టి అక్కడ దీని తేలికపాటి వెర్షన్ 'యూబ్లాక్ ఆరిజిన్ లైట్' తోనే సరిపెట్టుకోవాలి. ఐఫోన్‌లో సఫారీకి కూడా ఈ లైటే ఉంది.

ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే సగం పనే అయినట్టు. యాడ్ల మీదే బతికే చిన్న న్యూస్‌రూమ్‌కి మీ బ్లాకర్ నేరుగా గండి కొడుతుంది. అందుకే కొన్ని సైట్లకు బ్లాకర్ నుంచి మినహాయింపు ఇవ్వడం నేర్చుకోవాలి. మీరు నమ్మే సైట్ తెరిచి, యూబ్లాక్ ఆరిజిన్ గుర్తు మీద నొక్కండి. పెద్ద పవర్ బటన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కి పేజీని రీలోడ్ చేస్తే ఆ సైట్ మొత్తానికి బ్లాకర్ ఆగిపోతుంది, మళ్లీ వెళ్లినా గుర్తుంటుంది. కంట్రోల్ కీ పట్టుకుని నొక్కితే ఆ ఒక్క పేజీకే. లైట్‌లో ఈ బటన్ బదులు ఒక స్లైడర్ ఉంటుంది, దాన్ని ఫిల్టరింగ్ లేని స్థాయికి దించాలి.

అయితే యాడ్లు చూసినంత మాత్రాన న్యూస్‌రూమ్‌కి గట్టిగా ముట్టేది ఎంత? పేజీ తెరుచుకునే సెకనులో పదో వంతు సమయంలో మీ కళ్ల కోసం వేలం జరుగుతుంది. గెలిచిన ప్రకటనదారు ఇచ్చే డబ్బు మధ్యలో ఎన్నో చేతులు దాటి వస్తుంది. బ్రిటన్‌లో ప్రకటనదారుల సంఘం ఐఎస్‌బీఏ కోసం ఆడిటింగ్ సంస్థ పీడబ్ల్యూసీ 2020లో లెక్క తీస్తే, ప్రకటనదారు పెట్టిన దాంట్లో పత్రికలకు చేరింది సగటున 51 శాతమే. 15 శాతం ఎటుపోయిందో కూడా తేలలేదు. కాబట్టి నా సలహా ఇది: మినహాయింపు ఇవ్వడం చిన్న సాయం, చందా అసలు సాయం.

ఒకే చందాతో అన్ని సైట్లూ యాడ్లు లేకుండా చదివించే ప్రయత్నాలు జరగకపోలేదు. అమెరికాలో స్క్రోల్ అనే సేవ 2020లో మొదలైంది. నెలకు 5 డాలర్లు కడితే, చేరిన సైట్లు మీకు యాడ్లే పంపేవి కావు. మీరు ఎక్కడ చదివితే అక్కడికి డబ్బు వెళ్లేది. ఆలోచన ఎంత బాగుందో చూడండి! 2021లో ట్విట్టర్ దాన్ని కొని తన చందా సేవలో కలిపేసింది, 2022లో అక్కడా ఆపేసింది. మధ్యవర్తిని నమ్ముకుంటే ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది. దీనికి భిన్నంగా ఫ్రాన్స్‌లో మీడియాపార్ట్ అనే వార్తా సైట్ ఉంది. 2008 నుంచి యాడ్లు లేకుండా, పాఠకుల చందాలతోనే నడుస్తోంది.

చందా కట్టేటప్పుడు మూడు విషయాలు చూడండి. యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో, ఆ పత్రిక సొంత సైట్‌లోనే కట్టండి. యాప్ స్టోర్లు సాధారణంగా 15 నుంచి 30 శాతం కమిషన్ పట్టుకుంటాయి. డబ్బు కట్టినవాళ్లకు యాడ్లు తీసేస్తారా లేదా అని ముందే చదవండి, అన్ని పత్రికలూ తీసేయవు. సభ్యులకు పూర్తి వ్యాసాలతో ప్రత్యేక ఫీడ్ ఇస్తారేమో అడగండి. ఇస్తే కిందటి పాఠంలోని రీడర్‌లో పెట్టేసుకోవచ్చు, ఇక సైట్‌కి వెళ్లే పనే లేదు. ఆ ఫీడ్ లింకు మాత్రం ఎవరికీ పంపకండి, అది మీ పాస్‌వర్డ్ లాంటిదే.

ఈ వారం అభ్యాసం: మీ రీడర్‌లో ఉన్న సైట్లన్నీ ఒకసారి చూసి, ఏది మూతపడితే మీకు నిజంగా లోటో తేల్చుకోండి. దానికి చందా కట్టండి. ఇంకో రెండింటికి మినహాయింపు ఇవ్వండి. ఆ రెండింటిలో ఏదైనా పాప్‌అప్‌లతో చదవనీయకపోతే మొహమాటం లేకుండా మినహాయింపు తీసేయండి.

తర్వాతి పాఠం వ్యాసాలు దాచుకోవడం గురించి. వ్యాసాలు తర్వాత చదువుకోవడానికి దాచుకునే పాకెట్ సేవ 2025 జూలైలో మూతపడింది కదా, దాని బదులు అలాంటిదే అయిన వాలాబ్యాగ్ ఎలా వాడాలో చూద్దాం. అంతకన్నా ముందు మీ ఫీడ్ల జాబితాను రీడర్ నుంచి ఓపీఎంఎల్ ఫైలుగా (వేరే రీడర్లు కూడా చదవగలిగే ఫైలు) ఎగుమతి చేసి పెట్టుకోండి.