మడి పచ్చగా ఉంది, సీతాకోకచిలుకలే రావడం లేదు

ఇంటి ముందు ఇటుకలతో ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి కట్టి, నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి నింపేశారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో మామూలుగా ఎదురయ్యే చిక్కులివి.

పూలు విరగబూశాయి, ఏదీ వాలడం లేదు

బహుశా అవి ముద్దబంతులు. రేకలు కిక్కిరిసి ఉంటే తేనెకి దారి దొరకదు. రేకబంతి, నూరువరహాలు, పెంటాస్ పెట్టండి. తులసి పూత తుంచకుండా వదిలేస్తే తేనెటీగలు వాటంతటవే వస్తాయి.

సీతాకోకచిలుక వస్తుంది, ఓ చుట్టు తిరిగి వెళ్లిపోతుంది

తాగడానికి తేనె ఉంది కానీ గుడ్లు పెట్టడానికి ఆకు లేదు. ఒక్కో రకానికి ఒక్కో ఆకు కావాలి. నలుపు మీద లేత పసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుకకి కరివేపాకో నిమ్మో ఉండాలి. నారింజ రంగు రెక్కలదానికి జిల్లేడు కావాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో కరివేపాకుతో సరిపెట్టుకోండి.

కరివేపాకు రెబ్బలు ఈనెలే మిగిలాయి

ఇక్కడే అందరూ మందు సీసా వెతుకుతారు. ఆగండి. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల నారింజ రంగు నాలుకలాంటిది బయటికొస్తుంది, ఘాటు వాసన కూడా! మీరు ఎదురుచూసిన అతిథి అదే. తాలింపుకి రెబ్బ లేదని మా ఇంట్లో గొడవే అయింది. చివరికి రెండో మొక్క పెట్టి, వంటింటి వాటాకి దోమతెర కప్పాం. తినేసిన మొక్క కూడా మళ్లీ చిగురిస్తుంది, టెన్షన్ వద్దు.

జిల్లేడు నిండా పసుపుపచ్చ పేనుబంక

ఇవి రసం పీల్చే చిన్న పురుగులు. గట్టిగా నీళ్లు కొట్టండి, చాలు. వేపనూనె వద్దు, గొంగళిపురుగులకీ తగులుతుంది. కొన్నాళ్లాగితే అక్షింతల పురుగులొచ్చి పేనుబంకని తినేస్తాయి.

మేలో మొక్కలు మాడిపోయాయి

40 డిగ్రీల ఎండలో ఇటుక గోడ కాగి, వేళ్లని ఉడికిస్తుంది. మట్టి మీద రెండు మూడు అంగుళాలు ఎండుటాకులు పరచండి, సాయంత్రం వేళ్లదాకా తడిసేలా నీళ్లు పోయండి. కొత్త మొక్కలు ఏప్రిల్‌లో కాదు, జూన్ తొలకరికి నాటాలి. వానలకి నీళ్లు నిలిస్తే మడి అడుగున కన్నాలు లేవన్నమాట.

సీతాకోకచిలుకలకి పెట్టిన నీళ్ల మూకుడులో దోమ పిల్లలు

వారం, పది రోజుల్లో దోమ తయారవుతుంది. రెండ్రోజులకోసారి రుద్ది కడిగి నీళ్లు మార్చండి, లేదా ఇసుక నింపి తడిగా ఉంచండి. సీతాకోకచిలుకలకి తడి ఇసుకే ఇష్టం.

మేడ మీద కట్టొచ్చా?

ఈ కొలతలకి అడుగున్నర లోతు మట్టి తడిస్తే టన్ను దాటుతుంది. ఇంజనీరుని అడగకుండా వద్దు.

గొంగళిపురుగులు మాయమయ్యాయి

పిట్ట తినకపోతే ప్యూపాగా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) మారి ఉంటాయి. ఇటుక అంచుకి మడత పడ్డ ఎండుటాకులా అంటుకుని ఉంటుంది, చీపురు వేసేముందు చూడండి.