మరబోటు ఇంజను సంరక్షణ – 4వ పాఠం: ఇంజను ఆయిల్ మార్చడం

కిందటి పాఠంలో డీజిల్ ఫిల్టర్లు మార్చి, లైనులో గాలి తీయడం చూశాం. ఈసారి ఇంజను ఆయిల్. లారీ మెకానిక్కుకు ఇది అరగంట పని. అలాంటి ఇంజనే బోటులోకి దిగితే లెక్క మారిపోతుంది. లారీ కింద పడుకుని డ్రెయిన్ నట్టు విప్పొచ్చు. బోటులో చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కిందికి చెయ్యే సరిగ్గా దూరదు, ఇంక పళ్ళెం ఎక్కడ పెడతాం? మొండికేసి నట్టు విప్పితే ఆయిలంతా బోటు అడుక్కి చేరుతుంది, నీళ్ళు తోడే పంపు దాన్ని తీసుకెళ్ళి హార్బర్లో పోస్తుంది. అందుకే బోటులో పాత ఆయిల్‌ను కిందికి వదలం, పైకి లాగుతాం. కొత్త ఆయిల్ పోయడం ఎవరైనా పోస్తారు. పాతది ఎంత బయటికి వచ్చిందన్న దాంట్లోనే పనితనం ఉంది.

ఎప్పుడు మార్చాలి

బోటుకు కిలోమీటర్లు లేవు, ఇంజను నడిచిన గంటలే లెక్క. చాలా డీజిల్ ఇంజన్లకు 250 గంటలకు ఒకసారి అని కంపెనీ పుస్తకంలో ఉంటుంది; మీ పుస్తకంలో తక్కువ ఉంటే ఆ తక్కువే పాటించండి. రోజుకు 18 గంటల చొప్పున పది రోజుల వేటకు వెళ్ళొస్తే 180 గంటలు అయిపోయినట్టే. రెండో వేట మధ్యలో గడువు దాటుతుంది, నడిసముద్రంలో ఆయిల్ మార్చరు కాబట్టి బయల్దేరే ముందే మార్చేయాలి. గంటల మీటరు పాడైపోతే బోటు నడిపే సరంగు దగ్గర చిన్న పుస్తకం పెట్టి, స్టార్ట్ చేసిన టైము, ఆపిన టైము రాయించండి.

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. ఎక్కువమంది జూన్‌లో, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళే ముందు రోజు ఆయిల్ మారుస్తారు. అది తలకిందుల పద్ధతి. వాడిన ఆయిల్‌లో డీజిల్ మండగా పుట్టిన ఆమ్లాలు, తేమ ఉంటాయి. ఇంజను కదలకుండా ఉన్న రెండు నెలలూ అవి బేరింగులను తింటూ కూర్చుంటాయి. బోటు ఒడ్డుకు చేరిన వారంలోనే మార్చి, పది నిమిషాలు నడిపి, కొత్త ఆయిల్ లోపలంతా పట్టాక ఆపండి.

సామాను

ఆయిల్: మామూలుగా 15డబ్ల్యూ-40 డీజిల్ ఇంజను ఆయిల్, డబ్బా మీద సీఐ-4 లేదా మీ ఇంజను పుస్తకం అడిగిన గ్రేడు. కొన్ని పాత ఇంజన్లు ఎస్‌ఏఈ 40 అడుగుతాయి. బయట తగిలించే టూ-స్ట్రోక్ మోటార్ల కోసం అమ్మే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ మీద కూడా బోటు బొమ్మే ఉంటుంది. అది పెట్రోల్‌లో కలిపి కాల్చే ఆయిల్, చాంబర్లో పోసేది కాదు. పుస్తకంలో రాసినదాని కంటే రెండు లీటర్లు ఎక్కువ కొనుక్కోండి.

కొత్త ఫిల్టర్, ఫిల్టర్ విప్పే బెల్టు పానా, చేతి పంపు, ఖాళీ 20 లీటర్ల డబ్బా ఒకటి, లీటర్ల గీతలున్న కొలత మగ్గు, మందపాటి పాలిథిన్ సంచులు, కాటన్ వేస్టు. ఇంజను గదిలోకి దిగేముందు తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి. లుంగీ బిగించి కట్టండి, మెడలో తువ్వాలు తీసేయండి. ఇంజను నడుస్తుండగా వంగి చూడాల్సి వస్తుంది, బెల్టు ఊరుకోదు.

పాత ఆయిల్ లాగడం

ముందు ఇంజనును పది, పదిహేను నిమిషాలు నడిపించి ఆపండి. వెచ్చని ఆయిల్ పల్చబడి తేలిగ్గా వస్తుంది. అడుగున పేరుకున్న మసి కలిసి దాంతోపాటే లేస్తుంది. మరీ కాగిన ఆయిల్ లాగితే ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి నొక్కుకుపోతుంది, చేతులూ కాలతాయి. చాంబర్ పక్కన చెయ్యి ఆనించి కాసేపు ఉంచగలిగితే అది సరైన వేడి. తర్వాత బ్యాటరీ స్విచ్ కట్టేయండి, మీరు లోపల ఉండగా పైనుంచి ఎవరూ సెల్ఫ్ కొట్టకుండా.

చాంబర్‌కే ఇత్తడి చేతి పంపు బిగించి ఉంటే అదృష్టం, దాని మూతికి డబ్బా పెట్టి కొట్టడమే. లేకపోతే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి, ఆ గొట్టంలోంచి సన్నటి లాగుడు గొట్టం దించాలి. దించేముందు డిప్‌స్టిక్ పక్కన పెట్టి కొలిచి, దాని పొడవుకు నాలుగైదు సెంటీమీటర్లు కలిపి గొట్టం మీద టేపు చుట్టండి. టేపు దాకా దిగిందంటే అడుక్కి దగ్గరైనట్టు. దానికి మించి తోస్తే లోపల చుట్ట చుట్టుకుని మూతి పైకి లేస్తుంది, సగం ఆయిల్ ఉండగానే గాలి లాగుతుంది. పంపు బిగుసుకున్నట్టు అనిపిస్తే మూతి అడుక్కి అతుక్కుంది. అర సెంటీమీటరు పైకి తీయండి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పంకాను తిప్పే ఇరుసుకు తగ్గట్టు బోటు ఇంజను వెనక్కి వాలి ఉంటుంది, గేరుబాక్సు వైపు పల్లం. డిప్‌స్టిక్ నడిమధ్య ఉంటే గొట్టానికి అందని ఆయిల్ వెనక మూలలో నిలిచిపోతుంది. పంపులో గాలి వచ్చింది కదా, అయిపోయింది అనుకోకండి. అయిదు నిమిషాలు ఆగి, గొట్టాన్ని కాస్త తిప్పి మళ్ళీ లాగండి. డీజిల్ డ్రమ్ములో, మనుషులో ముందు వైపుకు మారితే వాలు తగ్గి ఇంకొంచెం వస్తుంది.

వచ్చినదాన్ని తప్పకుండా కొలవండి. పుస్తకం 16 లీటర్లు అంటోంది, ఫిల్టర్లో ఉన్నదీ కలిపి మీకు 13 వచ్చింది అనుకుందాం. లాగేముందు డిప్‌స్టిక్ మీద మట్టం పైగీత దగ్గరే ఉండి ఉంటే, ఇంకా మూడు లీటర్లు లోపలే ఉంది. అంటే కొత్త ఆయిల్‌లో అయిదో వంతు దాకా పాతదే కలుస్తుంది. ప్రతిసారీ ఇదే జరిగితే గడువు సగానికి తగ్గించుకోవడం మేలు, లేదా చాంబర్ వెనక మూలనుంచి గొట్టం తీసి శాశ్వతంగా చేతి పంపు పెట్టించుకోవాలి. డబ్బులు పెట్టదగిన పని అది.

ఫిల్టర్

తిప్పి విప్పే ఫిల్టరైతే ముందు దానికి పాలిథిన్ సంచి తొడగండి, పక్కకి పడుకుని ఉన్నదైతే మరీ. వదులు చేశాక సంచిలోనే విప్పితే చుక్క కింద పడదు. తీసిన ఫిల్టర్ మూతి చూడండి: రబ్బరు వాషర్ దానికే ఉందా? లేదంటే ఇంజనుకు అతుక్కుని మిగిలింది. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడి, స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిల్ చిమ్మి గదంతా పరుచుకుంటుంది.

కొత్త రబ్బరుకు వేలితో కొత్త ఆయిల్ రాయండి. ఫిల్టర్ మూతి పైకి ఉండేలా బిగేదైతే లోపల కొంత ఆయిల్ పోయవచ్చు, కానీ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి మాత్రమే. నడిమి రంధ్రం వడకట్టిన ఆయిల్ వచ్చే దారి. అందులో పోస్తే డబ్బా అంచున ఉన్న ఇసుక రేణువు నేరుగా బేరింగుకు వెళ్తుంది. రబ్బరు తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు. పానా విప్పడానికే. కప్పు లోపల కాగితం ఎలిమెంట్ ఉండే పాత రకానికి, తల భాగంలోని గాడిలో ఉన్న సీలు కూడా గుండుసూదితో తీసి మార్చాలి.

పోయడం, స్టార్ట్ చేయడం

బయటికి ఎంత వచ్చిందో అంతకు ఒక లీటరు తక్కువ పోసి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూడండి. తర్వాత కొద్దికొద్దిగా. ఎక్కువైతే లోపల తిరిగే క్రాంకు ఇరుసు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగకు ప్రెషర్ నిలవదు, బ్రీదర్ గొట్టంలోంచి ఆయిల్ కక్కుతుంది.

స్టాప్ లివర్ లాగి పట్టుకుని, ఇంజను అంటుకోకుండా సెల్ఫ్‌తో తిప్పండి. పది సెకన్ల చొప్పున, మధ్యలో విరామమిస్తూ, ప్రెషర్ గేజీ ముల్లు కదిలేదాకా. పొగతో పాటు నీళ్ళు కూడా బయటికి పోయే రకం సైలెన్సర్ ఉన్న బోటులో ఒక జాగ్రత్త ఉంది. ఇంజను అంటుకోకుండా తిరుగుతున్నంతసేపూ పంపు సముద్రపు నీళ్ళు తోడుతూనే ఉంటుంది, ఆ నీటిని తోసేయడానికి పొగ ఉండదు. సైలెన్సర్ నిండితే నీళ్ళు సిలిండర్లలోకి వెనక్కి వస్తాయి. అందుకని తిప్పేటప్పుడు సముద్రపు నీటి వాల్వు మూసి ఉంచండి, అసలు స్టార్ట్ చేసే ముందు తెరవండి. మరిచిపోతే నీళ్ళు లేక పంపులోని రబ్బరు చక్రం (ఇంపెల్లర్) కాలిపోతుంది, కాబట్టి ఇంజను తాళాన్ని ఆ వాల్వుకే వేలాడదీయండి.

స్టార్ట్ అయ్యాక నెమ్మదిగా అయిదు నిమిషాలు నడిపి, ఫిల్టర్ చుట్టూ టార్చి వేసి చూడండి. ఆపి, పది నిమిషాల తర్వాత మట్టం చూస్తే ఫిల్టర్ తాగినంత తగ్గి ఉంటుంది, అంత పోయండి. పూర్తి కొలత పడిందని నమ్మకం కుదిరిన రోజున, బోటు సమంగా తేలుతుండగా, ఆయిల్ తాకిన చోట డిప్‌స్టిక్ మీద ఆకురాయితో సన్న గీత గీసుకోండి. వాలిన ఇంజనుకు కంపెనీ గీత ఒక్కోసారి సరిపోదు.

పాత ఆయిల్ చెప్పే కబురు

డీజిల్ ఇంజను ఆయిల్ నల్లగా ఉండటం జబ్బు కాదు, మసిని పట్టి ఉంచడం దాని పని. కాఫీలో పాలు ఎక్కువైనట్టు లేత గోధుమరంగులోకి తిరిగితే మాత్రం నీళ్ళు కలిశాయి. అనుమానంగా ఉంటే ఇనుప రేకును బయట, ఒడ్డు మీద వేడిచేసి ఒక చుక్క వేయండి, నీళ్ళుంటే చిటపటలాడుతుంది. రేడియేటర్ తరహా మంచినీటి ట్యాంకులో మట్టం తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (సిలిండర్ల మూత కింది సీలు) వైపు చూడాలి. మట్టం తగ్గకుండానే పాలరంగు వస్తుంటే, ఆయిల్ కూలర్ సముద్రపు నీటితో చల్లబడేదైతే అదీ, సైలెన్సర్ దారీ అనుమానించాలి. ఉప్పునీరు కలిసిన ఆయిల్‌ను ఒక్క రాత్రి కూడా లోపల ఉంచొద్దు: కారణం సరిచేసి, చవక ఆయిల్ పోసి పది నిమిషాలు నడిపి తీసేయండి, పాలరంగు పోయేదాకా మళ్ళీ మళ్ళీ.

మట్టం పెరుగుతూ, ఆయిల్ పల్చబడి డీజిల్ వాసన వేస్తే ఫీడ్ పంపు డయాఫ్రమో, ఇంజెక్టరో కారుతోంది. పాత ఫిల్టర్ కోసి, కాగితం మడతలు తెల్ల గుడ్డ మీద విప్పి చూడండి. రాగిరంగు మెరుపులు కనిపిస్తే బేరింగు అరుగుతోంది. దాన్ని చూసి కూడా వేటకు వెళ్తే నడిసముద్రంలో ఇంకో బోటుతో లాగించుకోవాల్సి రావచ్చు.

లాగిన ఆయిల్‌లో నీళ్ళు, డీజిల్, పెయింటు థిన్నర్ కలపకుండా విడిగా మూత బిగించి పెట్టండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే చేరాలి.

తర్వాతి పాఠం గేరుబాక్సు ఆయిల్. ఈలోగా మీ గేరుబాక్సు ప్లేటు మీద మట్టి తుడిచి, ఏ ఆయిల్ అడుగుతోందో రాసుకోండి. కొన్నింటికి ఇంజను ఆయిలే సరిపోతుంది, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల ఆయిల్) కావాలి. రెండూ ఎప్పుడూ కలపకండి.