మానీ పాకియావ్ కెరీర్‌ను తూకపు అంకెలతో చదవడం ఎలా

ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పాకియావ్ 1995 జనవరిలో, పదహారేళ్ల వయసులో ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అడుగుపెట్టారు. 2025 జూలైలో, నలభై ఆరేళ్ల వయసులో, ప్రపంచ టైటిల్ కోసం మళ్లీ రింగ్‌లోకి వచ్చారు. ఈ ముప్పై ఏళ్లలో ఆయన తలపడిన 73 బౌట్లను మొదటి నుంచి వరుసగా చూడబోయిన వారు సాధారణంగా మధ్యలోనే దారి తప్పుతారు. 62 విజయాలు, 8 ఓటములు, 3 డ్రాలు, 39 నాకౌట్లు అనే లెక్క ఆయన ఎంత గొప్పవారో చెబుతుంది గానీ, ఎలా గొప్పవారయ్యారో చెప్పదు. అది తెలియాలంటే గెలుపోటముల పట్టిక కంటే ముందు తూకపు పట్టికను చదవాలి.

ముందుగా ఒక నోటు పుస్తకంలో ప్రతి ముఖ్యమైన బౌట్‌కు ఒక వరుస కేటాయించండి. తేదీ, ప్రత్యర్థి పేరు, ఆ బరువు తరగతి గరిష్ఠ పరిమితి, ఒప్పందంలో రాసుకున్న బరువు, తూకంలో ఇద్దరి బరువులు, పందెంలో ఉన్న బెల్ట్ (టైటిల్ గుర్తు), దాన్ని ఇచ్చిన సంస్థ, చివరగా ఫలితం రాసుకోవాలి. ఫలితాన్ని చివర రాయమనడానికి కారణం ఉంది. అది ముందే కంటబడితే మిగిలిన అంకెలను దానికి సరిపోయేలా అర్థం చేసుకోవడం మొదలుపెడతాం. తొలి రోజుల్లో కనీస బరువు కూడా చాలక, జేబుల్లో బరువులు పెట్టుకుని తూకం ఎక్కానని పాకియావే తర్వాతి కాలంలో చెప్పారు. అదే మనిషి 1999లో థాయ్‌లాండ్‌లో 112 పౌండ్ల పరిమితికి దిగలేక, తన ఫ్లైవెయిట్ టైటిల్‌ను తూకం దగ్గరే పోగొట్టుకుని, మెడ్గోన్ సింగ్‌సురత్ చేతిలో మూడో రౌండ్‌లో నాకౌట్ అయ్యారు. ఈ రెండు సంగతులను పక్కపక్కన రాసుకుంటే, ఇంకా ఎదుగుతున్న ఒక కుర్రవాడి శరీరం తన తరగతిని దాటిపోయిందన్న విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఓటమి తర్వాత ఆయన 115, 118 పౌండ్ల తరగతులను పూర్తిగా వదిలేసి నేరుగా 122 పౌండ్లకు వెళ్లారు.

తర్వాతి పని, పాకియావ్ గురించి తరచూ వినిపించే 'ఎనిమిది బరువు తరగతుల విజేత' అన్న మాటను విడదీసి చూడటం. ప్రపంచ బాక్సింగ్‌లో డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అనే నాలుగు సంస్థలను ప్రధానమైనవిగా పరిగణిస్తారు. వీటి టైటిళ్లను మాత్రమే లెక్కిస్తే పాకియావ్ ఖాతాలో ఆరు తరగతులు ఉంటాయి: 1998లో 112, 2001లో 122, 2008 మార్చిలో 130, అదే ఏడాది జూన్‌లో 135, 2009 నవంబర్‌లో 147, 2010 నవంబర్‌లో 154 పౌండ్లు. మిగిలిన రెండింటిలో ఒకటి 2003లో శాన్ ఆంటోనియోలో మార్కో ఆంటోనియో బరేరాను పదకొండో రౌండ్‌లో ఆపి సాధించిన 126 పౌండ్ల గుర్తింపు. ఇది 'ద రింగ్' అనే బాక్సింగ్ పత్రిక ఇచ్చినది. రెండోది 2009 మేలో రికీ హాటన్‌ను రెండో రౌండ్‌లోనే నాకౌట్ చేసినప్పుడు 140 పౌండ్లలో వచ్చింది. అక్కడ ఆ పత్రిక బెల్ట్‌తో పాటు, ఆ నాలుగింటిలో లేని ఐబీవో అనే సంస్థ టైటిల్ కూడా ఉంది. అయితే ఈ తేడాను పట్టుకుని ఆ రెండింటినీ తక్కువ చేయడం పొరపాటు. బరేరా అప్పటికి ఆ తరగతిలో అందరూ ఒప్పుకున్న మేటి. ఆయనపై గెలుపు, ఖాళీగా ఉన్న బెల్ట్ కోసం జరిగే అనేక బౌట్లకంటే బరువైనదని నా అభిప్రాయం. బెల్ట్ పేరు పక్కనే, ఎవరిని ఓడించి అది వచ్చిందో కూడా రాసుకోమనడం అందుకే.

ఇక్కడి నుంచి ఒప్పంద బరువు గడి ముఖ్యమవుతుంది. తరగతి పరిమితి కంటే తక్కువగా ఇరుపక్షాలూ ఒప్పుకున్న బరువును క్యాచ్‌వెయిట్ అంటారు. మిగెల్ కోటోతో 147 పౌండ్ల టైటిల్ బౌట్ 145 పౌండ్ల దగ్గర, ఆంటోనియో మార్గరీటోతో 154 పౌండ్ల టైటిల్ బౌట్ 150 పౌండ్ల దగ్గర జరిగాయి. దీన్ని విమర్శించేవారి వాదనలో న్యాయం ఉంది, ఎందుకంటే తూకానికి బరువు దించడానికి పెద్ద శరీరం ఉన్నవాడే అదనంగా ఒంట్లో నీరు కోల్పోవలసి వస్తుంది. అయితే తూకం బౌట్‌కు ముందు రోజు జరుగుతుందని, ఆ తర్వాత బాక్సర్లు తిని తాగి బరువు తిరిగి తెచ్చుకుంటారని మరవకూడదు. మార్గరీటో రింగ్‌లోకి వచ్చేసరికి 165 పౌండ్లు, పాకియావ్ 148 పౌండ్లు ఉన్నారు. పదిహేడు పౌండ్లు ఎక్కువున్న మనిషిని పన్నెండు రౌండ్లు కొట్టి గెలిచిన రాత్రి అది. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ 2008 డిసెంబర్‌లో ఆస్కార్ డి లా హోయాతో 147 పౌండ్ల దగ్గర జరిగిన బౌట్. 2001 తర్వాత 147 పౌండ్లకు దిగని డి లా హోయా ఆ రాత్రి రింగ్‌లో పాకియావ్ కంటే తేలికగా ఉన్నారు, ఎనిమిదో రౌండ్ ముగిశాక స్టూల్ మీద నుంచి లేవలేదు. అందుకే ఆ గెలుపును చూసేటప్పుడు పాకియావ్ వేగానికి ఎంత, డి లా హోయా నీరసానికి ఎంత చెందుతుందో ఎవరికి వారు తూచుకోవాలి. నేను రెండింటికీ చెరిసగం ఇస్తాను.

బౌట్లను చూసే క్రమాన్ని ఓటముల చుట్టూ ఏర్పరచుకోండి. 1996లో రుస్తికో టోరెకాంపో చేతిలో మూడో రౌండ్‌లో పడిన బౌట్‌లో కూడా బరువు మించిన కారణంగా పాకియావ్ బరువైన గ్లవ్స్ వేసుకోవలసి వచ్చింది. అది గుర్తుంచుకుంటే చాలు. ఆగి చూడవలసింది 2005 మార్చిలో ఎరిక్ మొరాలెస్‌తో జరిగిన మొదటి బౌట్, ఎందుకంటే అందులో ముగ్గురు జడ్జీలూ 115-113తో మొరాలెస్‌కే ఇచ్చారు. అంతవరకు ఎడమచేతి వాటం బాక్సర్‌గా పాకియావ్ ప్రధానంగా ఎడమ పిడికిలితోనే గెలుస్తూ వచ్చారు, ఆ చెయ్యి ఎప్పుడు వస్తుందో మొరాలెస్ పసిగట్టారు. 2001 నుంచి శిక్షణ ఇస్తున్న ఫ్రెడ్డీ రోచ్ హాలీవుడ్‌లోని వైల్డ్ కార్డ్ జిమ్‌లో కుడి చేతిని తీర్చిదిద్దిన ఫలితం ఆ తర్వాతి బౌట్లలో కనిపిస్తుంది. 2005 బౌట్‌ను చూసిన వెంటనే 2009 నాటి కోటో బౌట్ పెట్టి, కుడి హుక్‌ను (పక్క నుంచి వంపుగా కొట్టే దెబ్బను), కొట్టిన మరుక్షణం పాకియావ్ పాదాలు ఏ పక్కకు జరుగుతున్నాయో మాత్రమే గమనించండి. దెబ్బ తగిలిన చోటు నుంచి ఆయన తప్పుకునే తీరు, నాలుగేళ్లలో ఒక బాక్సర్ ఎంత నేర్చుకోగలడో చూపిస్తుంది.

హువాన్ మాన్యుయెల్ మార్కెజ్‌తో జరిగిన నాలుగు బౌట్లను మాత్రం విడిగా, వ్యాఖ్యానం వినకుండా, మీరే స్కోరు వేసుకుంటూ చూడాలి. రౌండ్ గెలిచినవారికి పది, ఓడినవారికి తొమ్మిది పాయింట్లు. కిందపడిన ప్రతిసారికీ మరొకటి తగ్గుతుంది. 2004 నాటి మొదటి బౌట్ తొలి రౌండ్‌లో మార్కెజ్ మూడుసార్లు కిందపడ్డారు గనుక ఆ రౌండ్ 10-6 కావాలి. ఒక జడ్జి 10-7 వేసి, తర్వాత అది తన పొరపాటని ఒప్పుకున్నారు. ఆ ఒక్క పాయింటు వల్ల ఆయన స్కోరు కార్డు 113-113 అయి, బౌట్ డ్రాగా ముగిసింది. తర్వాత 2008లో స్ప్లిట్ నిర్ణయంతో (ఇద్దరు జడ్జీలు ఒకరికి, మూడో జడ్జి రెండోవారికి ఇవ్వడం), 2011లో మెజారిటీ నిర్ణయంతో (ఇద్దరు ఒకరికి ఇచ్చి, మూడో జడ్జి సమానంగా వేయడం) పాకియావ్ గెలిచారు. 2012 డిసెంబర్‌లో ఐదు రౌండ్లు పూర్తయ్యేసరికి ముగ్గురి కార్డుల్లోనూ ముందున్న పాకియావ్, ఆరో రౌండ్ చివరి క్షణంలో ముందుకు దూసుకువెళ్లి మార్కెజ్ కుడి పిడికిలికి ఎదురుపడి నాకౌట్ అయ్యారు. ఈ నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే, మార్కెజ్ ఆ దెబ్బ కోసం ఎనిమిదేళ్లుగా వెతుకుతున్నారని తెలుస్తుంది. తిమోతీ బ్రాడ్లీతో అదే ఏడాది జూన్‌లో ఓడిన బౌట్‌కూ మీ సొంత స్కోరు వేసుకోండి. డబ్ల్యూబీవో నియమించిన ఐదుగురు జడ్జీలు దాన్ని మళ్లీ చూసి, ఐదుగురూ పాకియావ్‌కే ఇచ్చారు, అయినా ఫలితం మారలేదు.

2015 తర్వాతి బౌట్లను చూసేటప్పుడు చూపు మార్చుకోవాలి. ఫ్లాయిడ్ మేవెదర్‌తో ఓడిన బౌట్ ఎంత పేరు మోసినా, నేర్చుకోవడానికి 2019 జూలైలో కీత్ థర్మన్‌తో జరిగినదే మేలు. అప్పటికి పాకియావ్‌కు నలభై ఏళ్లు, థర్మన్ అంతవరకు ఓడిపోని టైటిల్ విజేత. మొదటి రౌండ్‌లోనే ఆయనను పడగొట్టిన పాకియావ్, పాతరోజుల్లో మాదిరిగా మూడు నిమిషాలూ ముందుకు తోసుకుపోలేదు. కొద్దికొద్ది సేపు చెలరేగి, వెనక్కి తగ్గి, ఊపిరి దాచుకున్నారు. ఒక గడియారం దగ్గర పెట్టుకుని, ప్రతి రౌండ్‌లో ఆయన నిజంగా దాడి చేసిన సెకన్లను లెక్కపెట్టండి. తర్వాత 2021 ఆగస్టులో యోర్డెనిస్ ఉగాస్‌తో ఓడిన బౌట్‌లోనూ, విరమణ నుంచి తిరిగివచ్చి 2025 జూలైలో మారియో బారియోస్‌తో తలపడిన డబ్ల్యూబీసీ టైటిల్ బౌట్‌లోనూ అదే లెక్క వేసి, మూడు అంకెలను పక్కపక్కన రాయండి. బారియోస్ బౌట్ ఫలితం గడిలో 114-114, 114-114, 115-113, మెజారిటీ డ్రా అని వస్తుంది. పరిమితి గడిలో, 2009లో కోటోను ఓడించినప్పటి అంకే, 147 పౌండ్లు, మళ్లీ రాస్తారు.